తరువాతి పుట ఎక్కడ మొదలవుతుంది?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాలు మూడూ ఒకప్పుడు కరీంనగర్ జిల్లాలోనే ఉండేవి. 2016 అక్టోబరు 11న జిల్లాలను పునర్విభజించినప్పుడు జగిత్యాల ఒక కొత్త జిల్లాకు, సిరిసిల్ల మరొక కొత్త జిల్లాకు ముఖ్యపట్టణాలయ్యాయి. కోరుట్ల జగిత్యాల జిల్లాలో చేరింది. ఈ మూడూ శాసనసభ నియోజకవర్గాలు కూడా. తెలంగాణ శాసనసభ వరుసలో కోరుట్ల 20వది, జగిత్యాల 21వది, సిరిసిల్ల 29వది. ఒక్కొక్క దానిలో రెండు లక్షలకు పైగా ఓటర్లున్నారు. మూడింటినీ కలిపితే ఆరు లక్షలకు పైమాటే.

ఓటర్ల జాబితాను మీరెప్పుడైనా చూశారా? పోలింగు కేంద్రం గోడ మీద అంటిస్తారు. ఒక్కొక్క పుటలో అడ్డంగా మూడు, నిలువుగా పది చొప్పున ముప్పై గళ్ళుంటాయి. ఒక్కొక్క గడిలో ఒక ఓటరు వివరాలు. ఆరు లక్షల మందిని ఇలా అచ్చువేస్తే ఇరవై వేల పుటలవుతాయి. అందులో మీ నాయనమ్మ పేరు ఎక్కడుందో వెతకమంటే ఏం చేస్తారు? ఒక్కొక్క పుటకు అరనిమిషం చొప్పున, రాత్రింబవళ్ళు ఆగకుండా చదివినా దాదాపు ఏడు రోజులు పడుతుంది.

ఈ పనిని ఇప్పుడు కంప్యూటర్లు చేసిపెడుతున్నాయి. పేరు కొట్టి, మీట నొక్కితే చాలు, ఫలితాలు తెర మీదికి వస్తాయి. కాని అవి అన్నీ ఒక్కసారిగా రావు. మొదట యాభయ్యో ఇరవయ్యో వస్తాయి. అడుగున “తరువాతి పుట” అని ఉంటుంది. దాన్ని నొక్కితే మరికొన్ని వస్తాయి. చూడటానికి ఇది చాలా చిన్న సంగతి. కాని ఆ మీట నొక్కిన తరువాత కంప్యూటరు లోపల జరిగే పనిలో ఒక తెలివైన పద్ధతి ఉంది, ఒక తెలివితక్కువ పద్ధతీ ఉంది. తెలివితక్కువ పద్ధతి నెమ్మదిగా నడవటమే కాదు, జాబితాలో ఉన్న మనిషిని లేనట్టు చూపించగలదు. ఎలాగో చూద్దాం.

అభ్యాసం కోసం మనమే ఒక వెబ్‌పేజీ తయారుచేస్తున్నామనుకోండి. పై మూడు నియోజకవర్గాల ఓటర్లు ఆరు లక్షల మంది మన దగ్గర ఉన్నారు. ఒక్కొక్కరి వివరాలకు 200 బైట్ల చోటు పడుతుందనుకుందాం. అందరినీ ఒకేసారి పంపితే 12 కోట్ల బైట్లు. పల్లెలో సెల్‌ఫోను పట్టుకున్న మనిషికి అంత పంపటమంటే, గుక్కెడు నీళ్ళడిగిన వాడి మీద ట్యాంకరు కుమ్మరించినట్టే. యాభై మంది వివరాలు మాత్రమే పంపితే 10 వేల బైట్లతో సరిపోతుంది. కనుక పుటలుగా విడగొట్టక తప్పదు. బీడీలు చుట్టేవారు కట్టలుగా కట్టి లెక్క అప్పజెప్పినట్టు, మనం యాభయ్యేసి పేర్లు ఒక కట్టగా అందిస్తామన్నమాట.

ముందుగా పేరు దొరకటం ఎలాగో తెలుసుకోవాలి. ఓటర్ల జాబితాలో పేర్లు అకారాది క్రమంలో ఉండవు. నియోజకవర్గాన్ని భాగాలుగా విభజిస్తారు. ఒక్కొక్క భాగంలో వీధి, ఇంటి నంబరు వరుసలో ఓటర్లుంటారు. ఇంటింటికీ తిరిగి సరిచూసే సిబ్బందికి ఇదే అనువైన వరుస. పేరుతో వెతికేవారికి మాత్రం ఇది పనికిరాదు. అందుకని కంప్యూటరు అసలు జాబితాను కదిలించకుండా, పక్కన మరొక చిన్న జాబితా తయారుచేసుకుంటుంది. అందులో పేర్లు అకారాది క్రమంలో ఉంటాయి. ప్రతి పేరు ఎదుట అసలు జాబితాలో అది ఎక్కడుందో రాసి ఉంటుంది. మన పుస్తకాల చివర ఉండే విషయసూచిక ఇలాంటిదే. దీన్ని ఇండెక్స్ అంటారు.

వరుసలో ఉన్న జాబితాలో వెతకటం ఎంత సులువో నిఘంటువు తిరగేసిన వారికి తెలుసు. సరిగ్గా నడిమికి తెరుస్తాం. మనకు కావలసిన మాట ముందుందా వెనక ఉందా అని చూస్తాం. అక్కర్లేని సగాన్ని వదిలేస్తాం. మిగిలిన సగంలో మళ్ళీ నడిమికి తెరుస్తాం. ఇలా ఇరవై సార్లు సగానికి సగం చేస్తే పది లక్షల పేర్లలో ఒక్కటి తేలుతుంది. ఎందుకంటే రెండును ఇరవై సార్లు గుణిస్తే 10,48,576 వస్తుంది. మన ఆరు లక్షలకు ఇరవై పోలికలు చాలు.

నిజమైన కంప్యూటర్లు దీనికంటే ఒక మెట్టు పైకి వెళ్ళాయి. 1970లో అమెరికాలోని బోయింగ్ సంస్థ పరిశోధనశాలలో పనిచేస్తున్న రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్రైట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు “బి-ట్రీ” అనే సూచికను రూపొందించారు. ట్రీ అంటే చెట్టు. ఆ “బి” దేనికి గుర్తో వారు ఎన్నడూ తేల్చి చెప్పలేదు! మామూలు పద్ధతిలో ఒక్కొక్క చోట రెండే దారులుంటాయి: ముందుకా, వెనక్కా అని. ఈ చెట్టులో ఒక్కొక్క కొమ్మ దగ్గర వందలకొద్దీ దారులుంటాయి. రెండు వందల దారులనుకుంటే, మొదటి అంచెలో 200, రెండవ అంచెలో 40,000, మూడవ అంచెలో 80 లక్షలు. అంటే ఆరు లక్షల పేర్లలో ఏ పేరునైనా మూడు అడుగుల్లో చేరుకోవచ్చు. 2023 శాసనసభ ఎన్నికల నాటికి తెలంగాణ మొత్తం మీద మూడు కోట్లకు పైగా ఓటర్లుండేవారు. వారందరికీ నాలుగు అడుగులు చాలు.

పేరు దొరికింది. ఇక పుటల సంగతి.

“రాజ” అనే అక్షరాలతో మొదలయ్యే పేర్లు కావాలని ఒకరు అడిగారనుకోండి. రాజన్న, రాజమల్లు, రాజయ్య, రాజవ్వ, రాజు, రాజేశం, ఇలా మన జిల్లాల్లో వీటికి కొదవలేదు. వేములవాడ రాజన్న పేరు పెట్టుకున్నవారే ఇంటికొకరుంటారు. లెక్క కోసం ఇలాంటివి 20 వేల పేర్లనుకుందాం. పుటకు 50 చొప్పున 400 పుటలు.

అందరికీ మొదట తోచే పద్ధతి ఇది. మొదటి పుట కావాలంటే మొదటి 50 పేర్లు చూపించు. రెండవ పుట కావాలంటే మొదటి 50 దాటవేసి తరువాతి 50 చూపించు. మూడవ పుటకు 100 దాటవెయ్యి. ఇలా ఎన్ని దాటవేయాలో చెప్పే సంఖ్యను ఆఫ్‌సెట్ అంటారు. మనం దీన్ని “లెక్క పద్ధతి” అని పిలుద్దాం. ప్రోగ్రాములు రాయటం నేర్చుకునేవారు మొట్టమొదట నేర్చేది ఇదే. రాయటానికి ఒకే ఒక్క వాక్యం.

చిక్కెక్కడుంది? దాటవేయటం అనగానే కంప్యూటరు ఎగిరి గంతేస్తుందని మనం అనుకుంటాం. అది గంతెయ్యలేదు. పేరు చెబితే సూచిక చెట్టు మూడడుగుల్లో దారి చూపిస్తుంది కాని, “19,951వ పేరు ఏది?” అంటే దానికి తెలియదు. పుస్తకం చివరి సూచికలో “కాంతి” ఏ పుటలో ఉందో ఉంటుంది గాని, ఆ సూచికలోనే 312వ మాట ఏదో ఎక్కడా రాసి ఉండదు కదా! వేలు పెట్టి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ పోవలసిందే. కంప్యూటరు కూడా అలాగే 19,950 పేర్లు చదివి, పారేసి, ఆఖరి యాభై మన చేతిలో పెడుతుంది. (చెట్టులో ప్రతి కొమ్మ దగ్గర దాని కింద ఎన్ని పేర్లున్నాయో రాసి ఉంచుకోవచ్చు కదా అని మీలో చురుకైనవారు అడగవచ్చు. ఉంచుకోవచ్చు. కాని ఒక్క పేరు చేరినా, పోయినా మొదలు దాకా ఉన్న లెక్కలన్నీ దిద్దాలి. ఒకే క్షణంలో వందలమంది దిద్దుబాట్లు చేస్తుంటే ఆ దిద్దుబాట్లే పెద్ద పనైపోతాయి. అందుకే మామూలుగా వాడే సూచికల్లో ఆ ఏర్పాటు ఉండదు.)

ఎవరైనా 400 పుటలూ వరుసగా తిరగేశారనుకోండి. మొదటి పుటకు 50 పేర్లు, రెండవదానికి 100, మూడవదానికి 150, చివరిదానికి 20,000 చదవాలి. పదవ తరగతివారికి ఇది అంకశ్రేఢి అని తెలిసిపోయి ఉంటుంది. 50ని 400తోనూ 401తోనూ గుణించి, రెండుతో భాగించండి. 40,10,000 వస్తుంది. ఉన్న పేర్లు 20 వేలు. చదివినవి నలభై లక్షల పదివేలు. ఒక్కొక్క పేరును సగటున రెండు వందల సార్లు చదివినట్టు!

జాబితా పదింతలైతే? రెండు లక్షల పేర్లు, 4,000 పుటలు. అదే లెక్క వేస్తే 40 కోట్ల 1 లక్ష వస్తుంది. జాబితా పదింతలయ్యింది, పని వందింతలయ్యింది. కొత్తగా పెట్టిన వెబ్‌సైట్లు మొదట్లో చకచకా నడిచి, రెండు మూడేళ్ళకు చతికిలబడటం మీరు చూసే ఉంటారు. దానికి కారణాలు చాలా ఉండవచ్చు గాని, ఇలాంటి లెక్కలు వాటిలో తరచుగా కనిపిస్తాయి.

నెమ్మదిగా నడవటాన్నైనా సహించవచ్చు. రెండవ లోపం అంతకంటే ప్రమాదమైనది.

ఓటర్ల జాబితా రాతి మీద చెక్కిన శాసనం కాదు. కొత్తవారు 6వ నంబరు ఫారంతో చేరతారు. చనిపోయినవారి పేర్లు 7వ నంబరు ఫారంతో పోతాయి. ఇల్లు మారినవారు, తప్పులు దిద్దించుకునేవారు 8వ నంబరు ఫారం ఇస్తారు. పద్ధెనిమిదేళ్ళు నిండాయా లేదా అని చూసే తేదీ పూర్వం ఏడాదికి ఒకటే, జనవరి 1. 2022 నుంచి ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1 కూడా కలిసి నాలుగయ్యాయి. జాబితా కదలటం ఇంకా పెరిగిందన్నమాట.

ఇప్పుడు సిరిసిల్లలో ఒక విద్యార్థి తన నాయనమ్మ రాజవ్వ పేరు కోసం మన వెబ్‌పేజీలో వెతుకుతున్నాడనుకోండి. ఆమె పేరు “రాజ” వరుసలో సరిగ్గా 51వది. అంటే రెండవ పుటలో మొట్టమొదటి పేరు. కుర్రవాడు మొదటి పుట తెరిచి, యాభై పేర్లూ నింపాదిగా చదివాడు. సరిగ్గా ఆ సమయంలోనే కోరుట్లలో ఒక ఉద్యోగి, చనిపోయిన ఒకరి పేరు తొలగించాడు. అది ఈ వరుసలో 12వ పేరు. వెంటనే 13వ పేరు 12వది అయ్యింది, 14వది 13వది అయ్యింది. మన రాజవ్వ 51 నుంచి 50వ స్థానానికి జరిగింది. కుర్రవాడు “తరువాతి పుట” నొక్కాడు. కంప్యూటరు యాభై పేర్లు నమ్మకంగా దాటవేసింది. దాటవేసిన యాభైలో ఆఖరుది రాజవ్వ!

“నీ పేరు లేదే నాయనమ్మా!”

“మంచిగ చూడు బిడ్డా. పోయినసారి ఓటేసిన గద!”

కుర్రవాడు మళ్ళీ చూస్తాడు. 3వ పుట, 4వ పుట, చివరిదాకా. ఆమె పేరు రెండు పుటల్లో ఎక్కడా కనబడదు. మొదటి పుట తెరిచినప్పుడు ఆమె ఇంకా దాని మీదికి రాలేదు. రెండవ పుట తెరిచేసరికి ఆమె దాని మీద లేదు. పేరు జాబితాలో ఉంది. వెతికినవాడు శ్రద్ధగానే వెతికాడు. కంప్యూటరు చెప్పినట్టే చేసింది. అయినా మనిషి మాయమయ్యింది. దీనికి తిరగబడిన సంగతి కూడా జరుగుతుంది: మధ్యలో ఒక కొత్త పేరు చేరితే మొదటి పుటలో ఆఖరి పేరు రెండవ పుటలో మళ్ళీ మొదటిదిగా కనిపిస్తుంది. అది చిరాకు మాత్రమే. కనబడకుండా పోవటమే అసలు నష్టం.

జాబితాలో పేరు కనబడటమన్నది ఆషామాషీ విషయం కాదు. 2018 డిసెంబరు ఎన్నికల రోజున తెలంగాణలో చాలామంది పోలింగు కేంద్రానికి వెళ్ళి, తమ పేరు లేదని తెలిసి వెనుదిరిగారు. అవి నిజంగా తొలగించిన పేర్లు, మన పుటల చిక్కుకూ వాటికీ సంబంధం లేదు. కాని ముందే వెతికి చూసుకునే సౌకర్యం ఎందుకు కావాలో దాన్ని బట్టి తెలుస్తుంది. 2025లో బీహారులో ప్రత్యేక సవరణ జరిగినప్పుడు ముసాయిదా జాబితాలోకి రాని పేర్లు సుమారు 65 లక్షలు. వాటిని కారణాలతో సహా, ఓటరు కార్డు సంఖ్యతో వెతికి చూసుకోగలిగేలా వెబ్‌సైట్లలో ఉంచాలని ఆ ఏడాది ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆదేశించింది. పుటకు 30 చొప్పున అచ్చువేస్తే అవి రెండు లక్షల పదహారు వేల పుటలకు పైనే. వెతకటానికి వీలులేని జాబితాను బయటపెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే.

మరి సరైన పద్ధతి ఏది? మీరు కథల పుస్తకం చదువుతూ మధ్యలో ఆపవలసి వస్తే ఏం చేస్తారు? “నేను 4,312 మాటలు చదివాను” అని రాసిపెట్టుకోరు కదా! ఆపిన చోట ఒక నెమలీక పెడతారు. మళ్ళీ తెరిచినప్పుడు నెమలీక ఉన్నచోటు నుంచి చదువుతారు. కంప్యూటరుకు కూడా అదే నేర్పాలి. “యాభై దాటవెయ్యి” అనకుండా, “ఇందాక ఆఖరున చూపించిన పేరు ఇది, దీని తరువాత వచ్చే యాభై ఇవ్వు” అనాలి. ఇంజనీర్లు దీన్ని కీసెట్ పద్ధతి అంటారు. మనకు నెమలీక పద్ధతి అనటం బాగుంటుంది.

ఇప్పుడు ఏం జరుగుతుందో చూడండి. పేరు చెబితే సూచిక చెట్టు మూడడుగుల్లో అక్కడికి చేరుస్తుంది. అక్కడి నుంచి యాభై పేర్లు చదివితే అయిపోయింది. రెండవ పుటకైనా, నాలుగు వందలవ పుటకైనా ఇంతే పని. మొత్తం 20 వేల పేర్లు తిరగేస్తే చదివేది కూడా 20 వేలే. 40,10,000తో పోల్చుకోండి.

రాజవ్వ సంగతో? 12వ పేరు పోయినా నెమలీక కదలదు. అది సంఖ్యను పట్టుకుని లేదు, పేరును పట్టుకుని ఉంది. “ఫలానా పేరు తరువాత” అనగానే వచ్చే మొదటి పేరు రాజవ్వే. ఇంకో చమత్కారం కూడా ఉంది. నెమలీక పెట్టిన పేరే తొలగిపోయిందనుకోండి, అప్పుడూ ఇబ్బంది లేదు! మనకు కావలసింది ఆ మనిషి కాదు, వరుసలో ఆ చోటు. నిఘంటువులో “రాజనిమ్మ” అనే మాట లేకపోయినా, అది ఉండవలసిన చోటు మీరు కనుక్కోగలరు కదా.

ఇంతవరకు బాగానే ఉంది. కాని మన జిల్లాల్లో ఈ పద్ధతికి వెంటనే ఒక అడ్డు తగులుతుంది. అదేమిటంటే రాజేశంలు.

జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో రాజేశం, మల్లేశం, గంగారాం, లచ్చవ్వ అనే పేర్లు ఒక్కొక్క ఊళ్ళోనే చాలా వినిపిస్తాయి. మొదటి పుటలో ఆఖరి పేరు రాజేశం అయ్యిందనుకోండి. “రాజేశం తరువాత” అని అడిగితే కంప్యూటరు మిగిలిన రాజేశంలనందరినీ వదిలేసి తరువాతి పేరుకు వెళ్ళిపోతుంది. ఒక్క రాజవ్వను కాపాడబోయి వందమంది రాజేశంలను పోగొట్టుకున్నట్టు! పోనీ, “రాజేశం నుంచి” అని అడిగితే? మొదటి రాజేశం దగ్గర మళ్ళీ మొదలవుతుంది. రాజేశంలు డెబ్బైమంది ఉంటే యాభైమందితో పుట నిండిపోతుంది, ఆఖరు పేరు మళ్ళీ రాజేశమే. “తరువాతి పుట” ఎన్నిసార్లు నొక్కినా అదే పుట వస్తుంది. గానుగ చుట్టూ తిరిగినట్టే.

విరుగుడు ఓటరు కార్డులోనే ఉంది. ఇప్పటి కార్డు మీద మూడు ఆంగ్ల అక్షరాలు, ఏడు అంకెలు కలిసిన సంఖ్య ఉంటుంది. ఒకరి సంఖ్య మరొకరికి ఉండదు. కనుక జాబితాను ముందు పేరు వరుసలోనూ, ఒకే పేరున్నవారిని కార్డు సంఖ్య వరుసలోనూ అమర్చాలి. నెమలీకలో రెండూ రాయాలి. ఉదాహరణకు మన రాజేశంల సంఖ్యలు 114, 207, 389 అనుకుందాం. మొదటి పుట 207 దగ్గర ఆగింది. అప్పుడు కంప్యూటరును ఇలా అడగాలి: “పేరు రాజేశం తరువాతిదైనా కావాలి, లేదా పేరు రాజేశమే అయి, సంఖ్య 207 కంటే పెద్దదైనా కావాలి.” 389వ రాజేశం ఠంచనుగా రెండవ పుటలో మొదట నిలబడతాడు. ఈ రెండవ షరతును మరచిపోయే వెబ్‌సైట్లు తక్కువేమీ కావు. పరీక్షించేటప్పుడు పదిమంది వేరువేరు పేర్లతో పరీక్షిస్తారు, అంతా సవ్యంగానే కనిపిస్తుంది. నిజమైన ఊళ్ళోకి వచ్చాక గాని రాజేశంలు ఎదురుకారు.

వరుస అన్నాం గనుక తెలుగు అక్షరాల సంగతి కూడా కొంచెం చెప్పుకోవాలి. కంప్యూటర్లు యూనికోడ్ అనే పద్ధతిలో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇస్తాయి. ఆ సంఖ్యల వరుసలో ళ అనేది ల పక్కనే, వ కంటే ముందు ఉంటుంది. మనం బడిలో నేర్చుకున్న వర్ణమాలలో ళ హ తరువాత వస్తుంది. క్షకు అసలు విడి సంఖ్యే లేదు, అది క కింద వస్తుంది. సున్నకు ఇచ్చిన సంఖ్య అ కంటే కూడా ముందుది. వీటిలో ఏ వరుస సరైనదని పండితులు వాదించుకోవచ్చు. మనకు ముఖ్యమైనది ఒక్కటే: జాబితాను అమర్చిన వరుస, నెమలీకను పోల్చే వరుస ఒకటే అయి ఉండాలి. ఒకటి బడి వరుస, మరొకటి యూనికోడ్ వరుస అయితే ళ ఉన్న పేర్లు పుటల సందుల్లో జారిపోతాయి.

ఇంకొక చిన్న ఉపాయం. ఈ పుట తరువాత మరొక పుట ఉందో లేదో ఎలా తెలుస్తుంది? మొత్తం ఎన్ని ఫలితాలున్నాయో లెక్కపెట్టి చెప్పమంటే కంప్యూటరు మళ్ళీ 20 వేలూ చదవాలి. దానికి బదులు యాభై కావలసినచోట యాభై ఒకటి అడిగితే సరి. యాభై ఒకటవది వస్తే “తరువాతి పుట” మీట చూపించాలి. రాకపోతే తీసెయ్యాలి. ఆ ఒక్కదాన్ని తెర మీద చూపించనక్కరలేదు. యూరపులో పాత అచ్చు పుస్తకాల్లో ప్రతి పుట అడుగున, రాబోయే పుటలోని మొదటి మాటను విడిగా ముద్రించే ఆచారముండేది. పుటలు తారుమారు కాకుండా కూర్చటానికి అది పనికివచ్చేది. మన యాభై ఒకటవ పేరు దానికి దూరపు చుట్టమే.

ఇప్పుడు మరొక మెట్టు పైకి వెళదాం. జాబితాలు మరీ పెద్దవైనప్పుడు వాటిని ఒకే కంప్యూటరులో ఉంచరు. అనేక కంప్యూటర్లకు పంచుతారు. కోరుట్ల పేర్లు ఒకదానిలో, జగిత్యాల పేర్లు మరొకదానిలో, సిరిసిల్ల పేర్లు ఇంకొకదానిలో ఉన్నాయనుకోండి. మూడింటినీ కలిపి, అకారాది వరుసలో పుటకు పదేసి పేర్లు చూపించాలి. మొదటి పుటకు ఒక్కొక్క ఊరి నుంచి ఎన్ని పేర్లు తెప్పించాలి? తలా మూడో నాలుగో అంటారా? చాలవు. మొదటి పది పేర్లూ సిరిసిల్లవే కావచ్చు, లేదా జగిత్యాలవే కావచ్చు. ముందుగా చెప్పలేం. కనుక ప్రతి ఊరూ పదేసి పంపాలి. వచ్చిన ముప్పైలో ముందున్న పదింటిని ఏరుకోవాలి.

లెక్క పద్ధతిలో రెండవ పుటకు ప్రతి ఊరూ ఇరవయ్యేసి పంపాలి. పదిని దాటవేసి పంపకూడదా అంటే, ఎవరి పది దాటవేయాలో ఏ ఊరికీ తెలియదు! వందవ పుటకు ఒక్కొక్క ఊరు వెయ్యేసి పంపితే, మూడు వేల పేర్లు కలిపి, పది చూపించి, మిగిలిన 2,990 పారెయ్యాలి. నెమలీక పద్ధతిలో ఏ పుటకైనా “ఈ పేరు, ఈ సంఖ్య తరువాత పదేసి పంపండి” అని మూడు ఊళ్ళకూ ఒకే కబురు. ఎప్పుడూ ముప్పై పేర్లే వస్తాయి. ప్రపంచమంతటా వాడుకలో ఉన్న ఎలాస్టిక్‌సెర్చ్ అనే వెతుకులాట సాధనం, ప్రత్యేకంగా మార్చుకుంటే తప్ప, 10,000 ఫలితాలకు మించి లెక్క పద్ధతిలో ముందుకు పోనివ్వదు. అంతకు మించి కావాలంటే నెమలీక చూపించమంటుంది.

నెమలీక పద్ధతికి లోపాలు లేవని కాదు. “నేరుగా 237వ పుటకు పో” అంటే అది పోలేదు, ఆ పుటకు ముందున్న పేరు దానికి తెలియదు కనుక. నా మట్టుకు నాకు, 237వ పుటకే కావాలని వెళ్ళేవారుంటారంటే నమ్మకం కుదరదు. ఎవరైనా వెళ్ళేది ఒక పేరు కోసమే. వారికి పుటల అంకెలకు బదులు రాజ, రాజే, రామ, రాము అని అక్షరాల మీటలిస్తే ఒక్క నొక్కుతో దగ్గరికి చేరతారు. వెనుకటి పుటకు పోవటం మాత్రం సులువే. ఇప్పుడు తెర మీదున్న మొదటి పేరు దగ్గర నెమలీక పెట్టి, వరుసను తలకిందులుగా చదువుతూ యాభై తీసుకుని, వాటిని మళ్ళీ తిరగేసి చూపించాలి.

నెమలీకకు అందని చిక్కు ఒకటుంది. ఒకామె పేరు తప్పుపడి, “లక్ష్మి”ని “రాజవ్వ”గా దిద్దారనుకోండి. ఆమె వరుసలో ఒక చోటు నుంచి మరొక చోటికి ఎగిరింది. తిరగేసేవాడు ఆ రెండు చోట్ల నడుమ ఉంటే ఆమె రెండుసార్లు కనబడవచ్చు, లేక అసలు కనబడకపోవచ్చు. దీనికి కాగితపు జాబితావారు ఎప్పుడో ఒక మందు కనిపెట్టారు. అచ్చయిన ఓటర్ల జాబితాకు అనుబంధం వేసేటప్పుడు, తొలగించిన పేరును చెరిపెయ్యరు. ఆ గడి మీద తొలగించినట్టు ముద్ర వేస్తారు. వరుస సంఖ్యలు జరపరు. కొత్త పేర్లను చివర చేరుస్తారు. అంతా కలిపి కొత్త వరుస వేసేది తరువాతి కొత్త జాబితాలోనే. కంప్యూటర్లలో కూడా ఇలాగే, వెతకటం మొదలుపెట్టిన క్షణంలో జాబితా ఎలా ఉందో అలాగే చివరిదాకా చూపించే ఏర్పాటు చేయవచ్చు. దానికి పాత ప్రతిని దాచి ఉంచాలి, చోటు ఖర్చవుతుంది. అన్నిచోట్లా అంత అవసరం రాదు.

ఇదంతా తరగతిలో చేసి చూడవచ్చు. నలభై కాగితపు చీటీలు తీసుకుని, మీ తరగతివారి పేర్లు ఒక్కొక్క దాని మీద రాయండి. కింద హాజరు పట్టీలోని సంఖ్య వెయ్యండి. అకారాది వరుసలో బల్ల మీద పరచండి. ఒకరు కంప్యూటరు, ఒకరు వెతికేవారు, ఒకరు చీటీలు తీసే ఉద్యోగి. వెతికేవారు బల్ల వైపు చూడకూడదు. పుటకు ఐదేసి చీటీలు. ముందు లెక్క పద్ధతిలో అడగండి, ప్రతి పుట తరువాత ఉద్యోగి పైనున్న చీటీ ఒకటి తీసెయ్యాలి. ఎనిమిది పుటలయ్యాక, వెతికినవారు ఎవరెవరిని చూడలేదో రాయండి. తరువాత తీసిన చీటీలు మళ్ళీ పెట్టి, నెమలీక పద్ధతిలో అదే ఆట ఆడండి. మూడవసారి మీ తరగతిలో ఒకే పేరున్న ఇద్దరిని ఐదవ చోటా, ఆరవ చోటా వచ్చేలా అమర్చి, హాజరు సంఖ్య చెప్పకుండా పేరుతో మాత్రమే నెమలీక పెట్టి చూడండి. ఆరవ చీటీలో ఉన్న వారిని పిలిచి, వారు ఏ పుటలో కనిపించారో అడగండి.